అద్దె వాటాకి కరెంటు బిల్లు ఎక్కువొస్తోందా? ముందు మీటరు దగ్గరికెళ్లండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, ఎక్కడైనా సరే, రెండు మూడు వాటాలు అద్దెకిచ్చిన ఇంటివాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫిర్యాదు వస్తుంది. కింద వాటావాళ్లు ఒడియాలో "బిల్ బేశీ ఆసుఛి" అంటారు, మేడ మీదివాళ్లు తెలుగులో అదే మాటంటారు. ఇంటాయన "మీ వాడకమే ఎక్కువ" అంటాడు, అద్దెవాళ్లు "మీ మీటరే స్పీడు" అంటారు. మాటా మాటా పెరిగి మంచి కుటుంబం ఇల్లు ఖాళీ చేసి పోతుంది. ఇద్దరూ కలిసి పావుగంట మీటరు ముందు నిలబడితే తేలిపోయే గొడవ ఇది.

ఒక్కో వాటాకి విడిగా సింగిల్ ఫేజ్ మీటరు ఉన్న ఇళ్ల గురించే రాస్తున్నాను. ఎంసీబీ దించడం, బిల్లులో రీడింగు చదవడం మీకు వచ్చుననుకుంటున్నాను.

ఆ మీటరు ఆ వాటాదేనా?

అందరూ వదిలేసేది ఇదే. ఒకే చెక్క మీద పక్కపక్కన రెండు మీటర్లుంటాయి. పైవాళ్ల బిల్లు కిందవాళ్లు కడుతూ ఏళ్లు గడిచిన ఇళ్లున్నాయి. బిల్లు మీద ఉన్న మీటరు నంబరునీ, మీటరు మీద చెక్కిన నంబరునీ పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత కింద వాటా మెయిన్ దించి, ఏ మీటరు ఎర్ర లైటు మెరవడం ఆగిందో చూడండి. పెయింటుతో మీటరు పక్కన గోడ మీద "కింద", "మేడ" అని రాసేయండి. రెండు నిమిషాల పని.

అదే చేత్తో బిల్లులో ఇంకో రెండు చూడండి. రీడింగు నిజంగా తీసిందా, సగటు మీద వేసిందా? ఎన్ని రోజులకి వేశారు? నలభై అయిదు రోజుల బిల్లుని ముప్పై రోజుల బిల్లుతో పోల్చి గొడవపడేవాళ్లు చాలామంది.

ఉమ్మడి సామాను ఎవరి మీటరు మీద ఉంది?

నీళ్ల మోటారు, మెట్ల లైటు, గేటు లైటు. ఇవి అద్దెవాళ్ల మీటరు మీద ఉంటే తప్పు మనదే, వాదించకండి. ఒక హెచ్‌పీ మోటారు లాగేది సుమారు ఒక కిలోవాటు. రోజూ గంటన్నర నడిస్తే నెలకి 45 యూనిట్లు. ఒడిశాలో ఇళ్ల స్లాబులు 50, 200, 400 యూనిట్ల దగ్గర మారతాయి. కాబట్టి ఈ 45 యూనిట్లూ వాళ్ల బిల్లులో పై స్లాబులో పడతాయి. మోటారుని ఇంటివాళ్ల మీటరు మీదికి మార్చండి. మార్చేటప్పుడు ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) రెండూ మార్చాలి. ఫేజు ఒక్కటే మార్చి వదిలేస్తే ఏమవుతుందో కింద చెబుతాను.

పల్స్ లెక్క

మీటరు మీద 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. ఒక యూనిట్‌కి ఎర్ర లైటు అన్నిసార్లు మెరుస్తుందని దాని అర్థం. 3200 మీటరైతే, ఒక మెరుపు నుంచి ఇంకో మెరుపుకి ఎన్ని సెకన్లో చూసి 1125ని దానితో భాగించండి. వచ్చేది వాట్లు. పది సెకన్లకోసారి మెరిస్తే సుమారు 112 వాట్లు. 1600 మీటరైతే 2250ని భాగించండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఒక్కో ఎంసీబీ దించుతూ ఈ లెక్క వేస్తే ఏ లైను ఎంత తింటోందో తెలిసిపోతుంది. ఆపడం మరిచిన గీజరు, రబ్బరు పోయి తలుపు సరిగా పట్టని ఫ్రిజ్, పాత నీళ్ల మోటారు మామూలుగా ఇక్కడే దొరుకుతాయి.

అన్నీ ఆపినా మీటరు మెరుస్తోందా? న్యూట్రల్ కలిసింది

అసలు చెప్పాల్సింది ఇదే. లక్షణాలు ఇలా ఉంటాయి. అద్దెవాళ్లు ఒడియావాళ్ల రజ పండగకో దసరా సెలవులకో ఊరెళ్లి వస్తారు, తాళం వేసిన ఇంటికి కూడా బిల్లొస్తుంది. మీటరు మీద ఎర్త్ లోడ్ లైటు (ఫేజు, న్యూట్రల్ కరెంటులు సమానంగా లేవని చెప్పేది) వెలుగుతూ ఉంటుంది. చక్రం తిరిగే పాత మీటరు తీసి ఎలక్ట్రానిక్ మీటరు పెట్టినప్పటి నుంచీ బిల్లు పెరిగిందంటారు. ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ (కరెంటు లీకైతే సప్లై ఆపేది) పెడితే నిలవదు, పడిపోతూ ఉంటుంది. ఈ నాలుగింటిలో రెండు కనిపించినా వైరింగ్ మీద అనుమానపడండి.

కారణం ఇది. పాత మీటరు ఫేజు వైరులో పోయే కరెంటునే కొలిచేది. ఎలక్ట్రానిక్ మీటరు ఫేజునీ న్యూట్రల్‌నీ విడివిడిగా కొలుస్తుంది. రెండూ సమానంగా లేకపోతే, ఏది ఎక్కువైతే దాని మీద యూనిట్లు వేస్తుంది. దొంగతనంగా న్యూట్రల్ తప్పించి ఎర్త్ మీద వాడేవాళ్లని పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు పై వాటా న్యూట్రలూ కింద వాటా న్యూట్రలూ ఇంట్లో ఎక్కడో కలిశాయనుకోండి. పైన 4 ఆంపియర్లు వాడుతున్నారు. ఆ కరెంటు పై మీటరు ఫేజు గుండానే వస్తుంది, తిరిగి వెళ్లేటప్పుడు రెండు దారులు దొరుకుతాయి కాబట్టి ఇంచుమించు సగం సగంగా చీలుతుంది. కింది మీటరుకి ఫేజులో సున్నా, న్యూట్రల్‌లో 2 ఆంపియర్లు కనిపిస్తాయి. అది 2నే లెక్కిస్తుంది. 230 వోల్టుల దగ్గర అది 460 వాట్లు. రోజుకి పది గంటలైతే 4.6 యూనిట్లు, నెలకి 138.

పై మీటరుకేమీ తగ్గదు. దాని ఫేజులో 4 ఆంపియర్లూ ఉన్నాయి కాబట్టి అది పూర్తిగా వేసుకుంటుంది. వాడింది ఒకసారి, పడింది ఒకటిన్నర సార్లు. కిందివాళ్ల సొంత వాడకం 120 అయితే బిల్లు 258 యూనిట్ల దాకా పోయి 200 స్లాబు దాటొచ్చు. కిందివాళ్లు తామూ బాగా వాడుతున్న వేళ వాళ్ల ఫేజే ఎక్కువ కాబట్టి తేడా కనిపించదు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే దెబ్బ తగులుతుంది. అందుకే ఊరెళ్లిన నెల బిల్లు చూసి జనం నమ్మలేకపోతారు.

పరీక్ష చేసేటప్పుడు చాలామంది పొరపడే చోటు ఒకటుంది. కింది వాటా మెయిన్ దించుతారు, మీటరు ఆగుతుంది, "చూశారా, లోడు మీ ఇంట్లోనే ఉంది" అనేస్తారు. ఆ మెయిన్ ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ తెంచే రకమైతే పైవాళ్ల కరెంటు వచ్చే దారి కూడా తెగిపోతుంది, అందుకే ఆగింది. కాబట్టి మెయిన్ పైకే ఉంచండి. దాని తర్వాత ఉన్న చిన్న ఎంసీబీలన్నీ దించండి, అవి ఫేజుని మాత్రమే తెంచుతాయి. ఇప్పుడు పైన బకెట్ నీళ్లలో 1000 వాట్ల హీటర్ రాడ్ పెట్టి వేయమనండి. ఇస్త్రీపెట్టె వద్దు, అది మధ్యలో దానంతటదే ఆగి లెక్క చెడగొడుతుంది. కింది మీటరు చూడండి. రాడ్ వేస్తే మెరుస్తూ, తీస్తే ఆగుతూ ఉంటే ఇంకేమీ అనుమానం అక్కర్లేదు. 3200 మీటరు మీద సుమారు రెండు సెకన్లకోసారి మెరుస్తుంది. తర్వాత తిప్పి చేయండి: పైన ఎంసీబీలు దించి, కింద రాడ్.

రాడ్‌తో సంబంధం లేకుండా ఎర్త్ లోడ్ లైటు వెలుగుతుంటే అది వేరే సంగతి. ఆ వాటాలోనే గీజరు ఎలిమెంటో మోటారు చుట్టో ఎర్త్‌కి లీకవుతూ ఉండొచ్చు. అది షాక్ కొట్టే వ్యవహారం, ఆ రోజే చూపించండి.

ఎక్కడ కలుస్తుంది? పాత బరంపురం వీధుల్లో ఇళ్లు ముందు ఇరుకు, లోపలికి పొడుగు. వీధి గది నుంచి పెరటి దాకా ఒకే లైను లాగి ఉంటుంది. తర్వాత ఆ ఇంటిని ముందు వాటా, వెనక వాటా చేసి రెండో మీటరు పెట్టించినప్పుడు మిస్త్రీ ఫేజులు విడదీస్తాడు, న్యూట్రల్ "అదంతా ఒకటేగా" అని వదిలేస్తాడు. ముందుగా చూడాల్సినవి మెట్ల లైటు టూ-వే స్విచ్, రెండు వాటాలకీ కలిపి పెట్టిన ఇన్వర్టర్, పై నుంచీ కింద నుంచీ వేసుకునేలా పెట్టిన మోటారు స్విచ్, తుఫాను తర్వాత హడావిడిగా అతికించిన జాయింట్లు. చాలా ఇళ్లలో ఇన్వర్టరే దోషి.

వెతకడం ఎలక్ట్రీషియన్ పనే, కానీ ఏం చేయాలో మీకు తెలిసుండాలి. రెండు వాటాల మెయిన్‌లూ దించాలి, న్యూట్రల్ కూడా తెగే రకం మెయిన్ అయుండాలి. ఒక్క వాటాదే దించి న్యూట్రల్ వైరు ఊడదీస్తే, ఆ కొసలో రెండో వాటా సామాను గుండా వచ్చే 230 వోల్టులు ఉండొచ్చు. నల్ల వైరేగా అని పట్టుకున్నవాళ్లకి షాక్ కొట్టేది ఇందుకే. ఇన్వర్టర్ ఆపి ప్లగ్గు కూడా తీసేయాలి. ఇప్పుడు మల్టీమీటరు బీప్ మీద పెట్టి, పై వాటా న్యూట్రల్ లింకుకీ (న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీ) కింది వాటా న్యూట్రల్ లింకుకీ మధ్య పట్టండి. విడివిడిగా ఉంటే బీప్ రాకూడదు. వస్తే, కింది లింకులోని వైర్లన్నీ విప్పి ఒక్కొక్కటే పై లింకుతో పట్టి చూడండి. బీప్ ఇచ్చిన వైరే కలిసిన లైను. న్యూట్రల్ లింకుకీ ఎర్త్‌కీ మధ్య కూడా ఒకసారి చూడండి. ఎవరైనా న్యూట్రల్‌ని లోపల ఎర్త్‌కి కట్టి ఉంటే ఆ దారిన కూడా బీప్ వస్తుంది, అదీ విడదీయాలి.

సరిచేయడానికి సూత్రం ఒక్కటే. ఏ లైనుకి ఫేజు ఏ మీటరు నుంచి వెళ్లిందో న్యూట్రలూ ఆ మీటరు నుంచే వెళ్లాలి. మెట్ల లైటుకి రెండు చివరలా స్విచ్ ఉన్నా సరే, రెండు వైర్లూ ఇంటివాళ్ల మీటరువే. ఇన్వర్టర్ ఒక్క వాటాకే ఉంచండి, లేదా రెండు పెట్టండి. కొత్తగా లాగే వైరు లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్లు, మోటారుకీ పెద్ద ప్లగ్గులకీ 2.5. పని అయ్యాక ఒక్కో వాటాకీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ అంత తేడా వస్తే అది పడిపోతుంది. అంటే రేపు ఇంకో మిస్త్రీ మళ్లీ న్యూట్రల్ కలిపినా అదే రోజు బయటపడుతుంది. పడిపోతోందని దాన్ని తీసి నేరుగా కలిపేసేవాళ్లని చూస్తే చాలా బాధేస్తుంది. అది చెడిపోలేదు, ప్రాణం కాపాడే పని చేస్తోంది.

ఇంటికి మూడు ఫేజులొచ్చి, ఒక్కో వాటా ఒక్కో ఫేజు మీద ఉంటే ఇంకా జాగ్రత్త. రెండు వాటాలూ ఒకే న్యూట్రల్ మీద ఆధారపడి అది ఊడితే, రెండిళ్ల సామానూ కలిసి 400 వోల్టుల మధ్య పడుతుంది. తక్కువ లోడున్న ఇంట్లో టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి.

మిగతావి

మీటరు నిజంగానే స్పీడుగా తిరగడం చాలా అరుదు. పైవన్నీ చూశాకే ఆ అనుమానం పెట్టుకోండి. అప్పుడు కరెంటాఫీసులో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకి 2024లో చేసిన సవరణ ప్రకారం అయిదు రోజుల్లో పోల్చి చూడటానికి ఇంకో మీటరు పెట్టాలి. మీటరు సీలు మాత్రం ముట్టుకోవద్దు, 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 135 (కరెంటు దొంగతనం) కిందికి వెళ్తుంది. పక్కింటివాళ్లు లైను లాక్కోవడం అందరికీ తట్టే అనుమానమే గానీ ఎక్కడో తప్ప ఉండదు. వీధి గదిని కొట్టుకి అద్దెకిస్తే కమర్షియల్ కనెక్షన్ విడిగా తీసుకోండి. లేకపోతే అదే చట్టం సెక్షన్ 126 (అనుమతి లేని వాడకం) కింద రెట్టింపు రేటు వేయొచ్చు, నోటీసు మీ పేరునే వస్తుంది.

డబ్బు సంగతి

న్యూట్రల్ కలిసిందని తేలితే పాత బిల్లుల డబ్బు కరెంటాఫీసువాళ్లు వెనక్కివ్వరు. మీటరు తర్వాతి వైరింగ్ ఇంటివాళ్లది, నష్టమూ ఇంటివాళ్లే భరించాలి. లెక్క కట్టడం కష్టం కాదు. సరిచేశాక రెండు నెలల బిల్లు చూడండి, పోయిన ఏడాది అవే నెలల బిల్లు తీయండి, తేడాని అద్దెలో తగ్గించండి. ఎండాకాలం బిల్లుని చలికాలం బిల్లుతో పోల్చకండి, ఇద్దరిలో ఒకరికి అన్యాయం అవుతుంది. కొత్తవాళ్లు దిగే రోజు, అడ్వాన్సు తీసుకునే ముందే, వాళ్ల ఎదుట ఈ రాడ్ పరీక్ష చేసి, మీటరు నంబరూ రీడింగూ అగ్రిమెంటులో రాసి ఇద్దరూ సంతకం చేయండి.