సెంటర్ సిబ్బందికి వర్క్‌షాప్ పెట్టాలంటే ముందు నోటుబుక్కులు కొనండి

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి పంతొమ్మిదేళ్లయింది, ఉండేది కె.ఆర్.పురం. ఈ చుట్టుపక్కల బస్తీల్లో చిన్న చిన్న కంప్యూటర్ సెంటర్లు ఉన్నాయి. ఒకటి గుడి వెనక గదిలో, ఇంకొకటి బడి వదిలాక ఖాళీగా ఉండే తరగతి గదిలో. సాయంత్రం పిల్లలకు పాఠాలు, మిగతా వేళల్లో పెద్దల అప్లికేషన్లు. అక్కడ పనిచేసేవాళ్లకు ఏడాదికి మూడు నాలుగు సార్లు నేను వర్క్‌షాప్ పెడుతుంటాను.

మొదటిసారి 84 స్లైడ్లు చేసుకుని వెళ్లాను. కంప్యూటర్ చరిత్రతో మొదలుపెట్టాను! భోజనాలయ్యాక వెనక బల్ల మీది అమ్మాయి లేచి, "అక్కా, ఓటీపీ రాకపోతే వాళ్లకేం చెప్పాలి?" అని అడిగింది. నా 84 స్లైడ్లలో దానికి జవాబు లేదు. ఆ రోజు నుంచి స్లైడ్లు మానేసి నోటుబుక్కులు కొంటున్నాను.

వర్క్‌షాప్‌కి రెండు వారాల ముందే ప్రతి సెంటరుకూ ఒక లాంగ్ నోటుబుక్ పంపండి. గళ్లు మీరే గీసి పంపండి, గీసుకోమంటే ఎవరూ గీయరు. ఏ పని మీద వచ్చారు, ఏ భాషలో అడిగారు, పని అయిందా, కాకపోతే ఎందుకు కాలేదు. అంతే, నాలుగు గళ్లు. పేర్లు, ఫోన్ నంబర్లు రాయొద్దని అట్ట మీద ఎర్ర సిరాతో రాయండి. నాలుగో గడిలో ఏముంటే అదే మీ వర్క్‌షాప్.

మొన్న మా పక్కనే ఉన్న హూడి వైపు సెంటర్ నుంచి వచ్చిన పుస్తకంలో నాలుగో గడి నిండా ఒకటే మాట: తెలుగులో ఓటీపీ రాలేదు, కన్నడంలో ఓటీపీ బందిల్ల. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కర్నూలు, అనంతపురం వైపు నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్లు. ఓటీపీ వెళ్లేది ఊళ్లో ఉన్నప్పుడు ఆధార్‌కి ఇచ్చిన సిమ్‌కే, అదేమో ఇప్పుడు తమ్ముడి దగ్గర ఉంటుంది, లేదా ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. సెంటర్లో మనవాళ్లేమో సైట్ పనిచేయట్లేదని మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చుంటారు. కాబట్టి అప్లికేషన్ తెరవక ముందే "ఆధార్‌కి ఏ నంబర్ ఇచ్చారు, ఆ సిమ్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" అని అడగడం నేర్పాలి. ఈ ఒక్క ప్రశ్నకు నేను గంటన్నర కేటాయిస్తాను. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు మేస్త్రీ అయితే ఇంకొకరు సెంటర్ అమ్మాయి. మేస్త్రీ విసుక్కోవాలి, కూలి పోతోందని అరవాలి. అరిచే వేషానికి మాత్రం మనవాళ్లు పోటీ పడతారు.

అదే పుస్తకంలో రేషన్ గురించి కూడా ఉంది. ఆంధ్రా కార్డుకు ఇక్కడ బియ్యం ఇస్తారా అని అడిగితే సెంటర్ వాళ్లు ఇవ్వరని చెప్పి పంపేశారు. తప్పు. జాతీయ ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే కార్డయితే, ఆధార్ కలిపి ఉంటే, "ఒకే దేశం ఒకే రేషన్ కార్డు" కింద బెంగళూరు రేషన్ షాపులో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఇలాంటివి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో, కన్నడంలో రాయించి ఎవరి సెంటరుకు వాళ్లు పట్టుకుపోయేలా చేయండి.

పన్నెండు మందికి మించి పిలవకండి. ఆరు కంప్యూటర్లు, ఒక్కోదానికి ఇద్దరు. కొత్తవాళ్లను పాతవాళ్ల పక్కన కూర్చోబెడితే నేర్చుకుంటారని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. పాతవాళ్లు మౌస్ వదలరు, కొత్తవాళ్లు తల ఊపుతూ కూర్చుంటారు. కొత్తకు కొత్త, పాతకు పాత. చోటు కూడా హోటల్ హాలు కాదు, ఏదో ఒక సెంటరే కావాలి. ఆ నెమ్మది ఇంటర్నెట్, ఆ పోయే కరెంటు, ఆ మొరాయించే ప్రింటర్ మధ్యనే కదా వాళ్లు పనిచేయాలి.

ఆదివారం పెట్టకండి, కూలి పనివాళ్లు సెంటరుకు వచ్చేదే ఆ రోజు. ఉగాది వారంలో సగం మంది ఊళ్లకు పోతారు. కె.ఆర్.పురం పక్క టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ తెలిసినవాళ్లెవరూ పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టరు, పదిన్నర అనండి. బస్సు డబ్బులు సాయంత్రం దాకా ఆపకుండా రాగానే చేతిలో పెట్టండి. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్లకు శక్తి పథకం కింద మామూలు బస్సులు ఉచితమే గానీ, ఆంధ్రా ఆధార్ ఉన్న మా సెంటర్ అమ్మాయిలు టికెట్ కొనాల్సిందే. పైకి అడగరు, రావడం మానేస్తారు.

పొద్దున మొదటి అరగంట ఒక ఆట. అందరూ ఫోన్ భాషను మలయాళంలోకి మార్చుకుని, అలాగే ఒక ఫోటో తీసి పక్కవాళ్లకు పంపాలి. చదవడం రానివాళ్లకు ఫోన్ ఎలా కనిపిస్తుందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. గుర్తులు పట్టుకుని వెతుకుతారు, చెమటలు పడతాయి. ఆ తర్వాత, "ఇది కూడా రాదా?" అనే మాట వాళ్ల నోటి నుంచి అంత సులభంగా రాదు. ఒక జాగ్రత్త: భాష మార్చే దారిలో ఎన్నో వరుసలో ఏది నొక్కాలో ముందే కాగితం మీద రాయించండి. ఒకతని ఫోన్ సాయంత్రం దాకా మలయాళంలోనే ఉండిపోయింది, వాళ్లావిడ ఫోన్ చేస్తే ఎత్తడానికి కూడా తడబడ్డాడు.

టైపింగ్‌కి మన బెంగళూరులో ఒక సౌకర్యం ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, అంటే మన దేశ భాషల కోసం చేసిన మీటల అమరిక, తెలుగుకూ కన్నడానికీ దాదాపు ఒకటే. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. ఇంగ్లిష్ కె ఉన్న మీట నొక్కితే తెలుగులో క, కన్నడంలోనూ క. "అమ్మ" కొట్టాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, డి, సి. తెలుగమ్మాయి, కన్నడబ్బాయి ఒకే పాఠం నేర్చుకోవచ్చు. ఎక్కువ టైపింగ్ లేనివాళ్లను మాత్రం దీంతో వేధించకండి, వాయిస్ టైపింగ్ చాలు.

సాధనకు నిజమైన ఆధార్లు వాడొద్దు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి తొందరలో సెంటర్ కంప్యూటర్లో ఉన్న ఫైల్ తెరిచాను, ఎవరో పెద్దాయన ఆధార్ నంబరుతో సహా గోడ మీద ప్రొజెక్టర్‌లో పడింది. పన్నెండు మంది చూశారు. ఇప్పుడు ఉత్తుత్తి పేర్లతో కార్డుల నమూనాలు ప్రింట్ తీసుకుని వెళ్తున్నాను.

ఆ తప్పు నుంచే ఒక పాఠం తయారైంది. డౌన్‌లోడ్ చేసిన ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరు, వయసు తెలిసిన ఎవరైనా తెరవచ్చు. అందుకే పని అవగానే, మనిషి ఇంకా ఎదురుగా ఉండగానే, రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకుండా షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేయాలి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయేచోట అదే తీయాలి. బ్రౌజర్ "పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనా?" అంటే వద్దనాలి. చదవడానికి చిన్నవే, కానీ ఒక్కొక్కరి చేత పదిసార్లు చేయించండి.

మోసాల గంట మధ్యాహ్నం పెట్టండి, నిద్ర రాదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించే "డిజిటల్ అరెస్ట్" అనేది చట్టంలో లేదు, వాట్సాప్‌లో వచ్చే పెళ్లి కార్డు ఏపీకే ఫైల్ (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్) అయితే తెరవకూడదు. డబ్బు పోయిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే ముందు మందలించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కలపాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోన్లో ఏం చెప్పాలో అందరి చేత పైకి చెప్పించండి: ఏ బ్యాంకు, ఎంత, ఎప్పుడు, లావాదేవీ నంబర్ ఎంత.

సర్టిఫికెట్లు ఇవ్వండి, వచ్చినవాళ్లకు సరదా. మూడు వారాల తర్వాత చెప్పకుండా ఒక్కో సెంటరుకు వెళ్లండి. నేను కుర్చీ లాక్కుని ముందు చూసేది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. మొన్న హూడి సెంటర్లో తెరిస్తే ఒకే ఒక్క ఫైల్ ఉంది. ఎవరిదని అడిగాను. "నాదే అక్కా, బీఈడీ హాల్ టికెట్," అని నాలుక కరుచుకుంది ఆ అమ్మాయి.