నడుము ఆపరేషన్ అయ్యాక: నొప్పి పోయిన కాలు, స్పర్శ రాని పాదం

నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మిషన్ పెడల్ మీద కుడిపాదం ఉందో లేదో వంగి చూసుకుంటే గానీ తెలిసేది కాదు. ఒకరోజు రోడ్డు మీద చెప్పు జారిపోయినా తెలియక పది అడుగులు అలాగే నడిచాను. అప్పుడు తీయించిన స్కానింగ్‌లో నడుము కింది భాగంలో ఎల్5, ఎస్1 అనే ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జరిగి నరాన్ని నొక్కుతోందని తేలింది. మైక్రోడిస్కెక్టమీ అనే ఆపరేషన్ చేసి, జరిగిన ఆ డిస్క్ ముక్క తీసేశారు. ఇదే ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. మీ డాక్టర్ వేరేగా చెబితే ఆయన మాటే వినండి.

పిరుదు నుంచి మడమ దాకా లాగే నొప్పి చాలామందికి త్వరగానే తగ్గుతుంది. నాకైతే మత్తు దిగేసరికే లేదు. మోసపోయేది అక్కడే. మూడో రోజు నీళ్ల బిందె ఎత్తబోతే మా అత్త కేకేసి ఆపింది. డిస్క్ పైపొర మానడానికి వారాలు పడుతుంది, ఈలోపు వంగి బరువెత్తితే అక్కడి నుంచే మళ్లీ ముక్క బయటికి రావచ్చు. ఆరు వారాలు వంగడం, నడుము తిప్పడం, బరువెత్తడం మూడూ మానేయాలి. రెండు లీటర్ల పాల ప్యాకెట్లు, నేను ఎత్తింది అంతవరకే. ధనుర్మాసం ముగ్గులన్నీ మా అమ్మాయే వేసింది.

మంచం మీంచి లేవడం ముందు నేర్చుకోండి. వెల్లకిలా ఉన్నప్పుడు మోకాళ్లు రెండూ మడవండి. భుజం, నడుము, మోకాళ్లు ఒకే దుంగలా కలిసి పక్కకు తిరగాలి. కాళ్లు మంచం కిందికి జారుస్తూనే, మోచేత్తో, అరచేత్తో పరుపును నొక్కి పైకి లేవాలి. తిన్నగా లేచి కూర్చోవద్దు. మొదటి వారం నాకు దీనికే రెండు నిమిషాలు పట్టేది.

నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే నడుము మీద ఒత్తిడి పడుతుంది. రాగి సంగటి, ఆకుకూర, నీళ్లు బాగా తీసుకోండి. కింద కూర్చునే మరుగుదొడ్డి ఉన్నవాళ్లు సర్జికల్ షాపులో కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. నొప్పి తగ్గినట్టుందని నరాల మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి.

నడకే అసలు మందు. హాల్లో ఐదు నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు, అలా మెల్లగా పెంచాను. నెల దాటాక పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌కి వెళ్లాను. కూర్చోవడం మాత్రం ఇరవై నిమిషాలకు మించనివ్వలేదు, ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.

ఇక మొద్దుబారిన పాదం. దీనికే నాకు ఎక్కువ టెన్షన్ పట్టుకుంది. దెబ్బతిన్న నరం పోగు రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. నడుము నుంచి పాదం ఎంత దూరమో చూసుకోండి. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది, కొందరికి కొంత మొద్దు అలాగే మిగిలిపోతుంది. ఆపరేషన్ ఫెయిలైందని ఏడవకండి, నేను ఏడ్చాను. అయితే స్పర్శ లేని పాదాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఏప్రిల్ మధ్యాహ్నం ఒట్టికాళ్లతో మిద్దె మీద బట్టలు ఆరేశాను. నాకేమీ తెలియలేదు. సాయంత్రం మా అమ్మాయి చూస్తే చిటికెన వేలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ! ఆ రోజు నుంచి రాత్రిపూట అద్దం పెట్టుకుని అరికాలు చూసుకుంటున్నాను. షుగర్ ఉన్నవాళ్లయితే ఒక్కరోజు కూడా మానకండి.

అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నాను. అవి 3,550, పైగా చెప్పుల్లేకుండా. డాక్టరు సరే అనేదాకా వెళ్లదలచుకోలేదు.

మూత్రం రాకపోయినా, తెలియకుండా పోయినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. జ్వరం, కుట్ల దగ్గర చీము, పిక్క వాచి నొప్పి పెట్టడం కూడా ఆ రోజే చూపించుకోవాలి.

నేను ఎనిమిదో వారంలో మిషన్ దగ్గర కూర్చున్నాను. ఇదివరకు నేల మీద పరిచి కత్తిరించే గుడ్డను ఇప్పుడు నడుము ఎత్తు బల్ల మీద నిలబడి కత్తిరిస్తున్నాను. ఇరవై నిమిషాలకు అలారం మోగగానే సగం కుట్టిన జాకెట్ చేతినైనా వదిలి లేస్తాను.