ముందు చక్రాలు దడదడ ఎగురుతున్నాయా? తక్కువ ఖర్చులో వీల్ హాప్ తగ్గించుకునే దారి

జులైలో ఒక సాయంత్రం. వాన వెలిసింది కానీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ ఇంకా తడిగానే ఉంది. సగం ఎక్కేసరికి పైనుంచి వాచ్‌మన్ ఆగమని చెయ్యి చూపించాడు, గేటు ముందు ఎవరో ఆటో తిప్పుకుంటున్నారు. ఆపాను. మళ్లీ ఫస్ట్ గేరు వేసి, క్లచ్ వదులుతూ రేసు కాస్త ఎక్కువే ఇచ్చాను. బండి కదల్లేదు. ముందు చక్రం ఒకటి గిర్రున తిరిగి, ఆ వెంటనే దడదడదడమని నేలను కొట్టడం మొదలుపెట్టింది. స్టీరింగ్ చేతుల్లో వణికిపోయింది. కాలు తీయగానే అంతా ఆగిపోయింది. వాచ్‌మన్ పరుగున వచ్చి, "ఏదో ఇరిగింది సార్" అన్నాడు.

ఏమీ విరగలేదు. ఇంకాసేపు అలాగే తొక్కి ఉంటే మాత్రం విరిగేదే. దీన్నే వీల్ హాప్ అంటారు. ఇంజన్ బలం ముందు చక్రాలకే వెళ్లే బండ్లలో, అంటే మన రోడ్ల మీది హ్యాచ్‌బ్యాకులు, చిన్న సెడాన్లలో దాదాపు అన్నిటిలోనూ ఇది రావచ్చు. సెల్లార్ ర్యాంప్, ఘాట్ రోడ్డు మలుపులో ఆగి మళ్లీ ఎక్కడం, కంకర పోసిన కొత్త రోడ్డు: ఎక్కువగా ఇక్కడే బయటపడుతుంది.

అసలు ఇది వీల్ హాపేనా?

దీన్ని తేల్చుకోకుండా షెడ్డుకు వెళితే అవసరం లేని రిపేరుకు డబ్బు పోతుంది. గుర్తు ఒక్కటే: టైరు జారినప్పుడు మాత్రమే దడ రావాలి. టైరు జారకుండా, సమతలం మీద నెమ్మదిగా క్లచ్ వదిలేటప్పుడు బండి మొత్తం కుదుపుతోందంటే అనుమానించాల్సింది క్లచ్ ప్లేటును. స్టీరింగ్ మొత్తం తిప్పి కదిలేటప్పుడు టకటకమంటే చక్రం వైపు ఉండే సీవీ జాయింట్, అంటే చక్రాన్ని తిప్పే షాఫ్టు చివరి కీలు. నలభై, యాభై స్పీడులో రేసు ఇచ్చినప్పుడు మాత్రమే వణికి, కాలు తీస్తే సర్దుకుంటే అదే షాఫ్టుకు గేర్‌బాక్స్ వైపు ఉండే లోపలి జాయింట్. ఇంజన్ చెక్ లైటు మినుకుమినుకుమంటూ కుదుపు వస్తే ఇంజనే మిస్ కొడుతోంది.

చక్రం ఎందుకు ఎగురుతుంది?

బడిలో నల్లబల్ల మీద సుద్దముక్కను ఒక కోణంలో పట్టి లాగితే గీతకు బదులు టకటకమని చుక్కల వరస పడేది, గుర్తుందా? సుద్ద బల్లను పట్టుకుంటుంది, వంగుతుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. టైరు చేసేదీ అదే. రోడ్డును పట్టుకున్న క్షణంలో టైరు పక్కగోడ మెలిపడుతుంది, దాని వెనక చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు, చక్రాన్ని కింది నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు, ఇంజన్‌ను మోసే రబ్బరు మౌంటింగులు అన్నీ స్ప్రింగుల్లా బిగుసుకుంటాయి. పట్టు తప్పగానే అవన్నీ ఒక్కసారిగా వదులుతాయి. వెంటనే మళ్లీ పట్టు. సెకనులో ఇది చాలాసార్లు జరుగుతుంది. ఫస్ట్ గేరులో ఇంజన్ టార్కు, అంటే తిప్పే బలం, చక్రాల దగ్గరికి వచ్చేసరికి పది రెట్లకు పైగా పెరుగుతుంది. పాత 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్‌ది 190 న్యూటన్ మీటర్లు. దాన్ని పదితో గుణించి చూడండి, ఆ రబ్బరు ముక్కలు మోసేదేమిటో తెలుస్తుంది.

ఇలాంటి బండ్లలో బరువు సుమారు 60 శాతం ముందు చక్రాల మీదే ఉంటుంది. కానీ ముందుకు దూకినప్పుడు, ఎత్తు ఎక్కినప్పుడు ఆ బరువు వెనక్కి జరుగుతుంది. నడిపే చక్రాలు సరిగ్గా పట్టు కావలసినప్పుడే తేలికవుతాయి. ఊరి నుంచి తెచ్చిన రెండు బియ్యం బస్తాలు డిక్కీలో ఉన్న రోజు ర్యాంప్ ఎక్కడం ఇంకా కష్టం అందుకే. "వెనక బరువుంటే గ్రిప్ వస్తుంది" అనే సలహా జీపులకూ లారీలకూ సరే, మన బండికి సరిగ్గా రివర్స్.

దడ మొదలైన క్షణంలో

కాలు తీసేయండి. రేసు పెంచి దాటించేద్దామనుకోవద్దు. షాఫ్టులు, గేరు పళ్లు దెబ్బతినేది ఆ మొండితనం వల్లే. కాస్త వెనక్కి దించి, పొడి చోటు చూసుకుని, తక్కువ రేసుతో నిదానంగా ఎక్కండి. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండి అయితే దాన్ని ఆఫ్ చేయకండి. చక్రం జారగానే అది ఇంజన్‌ను అదుపు చేస్తుంది, అంటే మీ కాలు చేయాల్సిన పని అదే చేస్తుంది. ఇక ఎలాగూ ఎక్కకపోతే, వెనక ఎవరినైనా నిలబెట్టుకుని రివర్సులో ఎక్కించండి. అప్పుడు పల్లం వైపు ముందు చక్రాలుంటాయి, బరువు వాటి మీదే పడుతుంది. చూసేవాళ్లు నవ్వుతారేమో, బండి మాత్రం ఎక్కుతుంది.

తడిలోనో కంకర మీదో మాత్రమే వస్తుంటే: టైర్లు

గాలి సరిచూడడం రూపాయి ఖర్చు లేని పని, అందుకే ముందు దీన్నే చూడాలి. డ్రైవర్ డోరు పక్కన ఉండే స్టిక్కరులో ఎంత గాలి అని రాసి ఉందో అంతే ఉండాలి, అదీ పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు. "హైవే మీద పోతారు కదా సార్" అంటూ పంక్చర్ షాపులో నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టేస్తుంటారు. టైరు గట్టిగా ఉబ్బితే రోడ్డును తాకే ముఖం తగ్గుతుంది, జారుతుంది. పట్టు కోసమని స్టిక్కరు కంటే బాగా తగ్గించడమూ తప్పే. పక్కగోడ మెత్తబడి మెలి ఇంకా పెరుగుతుంది, హైవే మీద టైరు వేడెక్కుతుంది.

తర్వాత వయసు. టైరు పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. నా బండి టైర్లకు గాడి బాగానే మిగిలింది, కానీ అవి ఏడేళ్ల కిందటివి. గోరుతో నొక్కితే ప్లాస్టిక్ బకెట్టును నొక్కినట్టు ఉంది. ఎండలో నిలబెట్టిన బండికి గాడి అరగకముందే రబ్బరు గట్టిపడిపోతుంది.

రెండు టైర్లకే డబ్బులుంటే ఎక్కడ వేయాలి? మన సమస్య ముందు కాబట్టి ముందే వేయాలనిపిస్తుంది. టైర్ల కంపెనీలు మాత్రం కొత్తవి వెనకే వేయమంటాయి. తడి రోడ్డు మీద వెనక భాగం జారితే బండిని అదుపు చేయడం చాలా కష్టం. ఇక్కడ నేను కంపెనీల మాటే వింటాను. వేళ తప్పకుండా ముందు టైర్లను వెనక్కి, వెనకవాటిని ముందుకి మార్పిస్తూ ఉంటే నాలుగూ ఒకేలా అరిగి, ఈ పేచీయే రాదు.

గేరు మార్చినప్పుడు కింద 'దబ్' మంటుంటే: ఇంజన్ మౌంటింగ్

కాలు నొక్కినప్పుడు ఒక దబ్, తీసినప్పుడు ఇంకో దబ్, దానికి తోడు వీల్ హాప్. ఇలా ఉంటే ఇంజన్ తన చోట నిలకడగా ఉండడం లేదు. బానెట్ తీసి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. లోపల కూర్చునేది తెలిసిన డ్రైవరే కావాలి. బ్రేక్ మీద కాలుంచి, ఫస్ట్ గేరులో క్లచ్‌ను బండి కదలబోయే దాకా వదిలి వెంటనే నొక్కాలి. తర్వాత రివర్సులో అలాగే. మీరు పక్కన నిలబడి చూడండి, బండికి ఎదురుగా మాత్రం వద్దు. ఫస్ట్‌లో ఇంజన్ తల మీ డ్యాష్‌బోర్డు వైపు, రివర్సులో రేడియేటర్ వైపు వాలుతుంది. కొద్దిగా వాలడం మామూలే. మంచం మీంచి లేవబోయి మళ్లీ కూలబడినట్టు ఊగుతుంటే మౌంటింగ్ పోయినట్టే.

అన్ని మౌంటింగులూ ఒకేసారి మార్చమని చెబుతారు. చాలా బండ్లలో ఇంజన్ అడుగున కుక్క బిస్కెట్టులోని ఎముక ఆకారంలో ఒక టార్క్ రాడ్ ఉంటుంది. ఇంజన్ ముందుకూ వెనక్కూ ఊగకుండా ఆపడం ప్రధానంగా దాని పనే. ముందు అదొక్కటి మార్చి చూడండి.

ఇంకా తక్కువలో కావాలంటే ఒక పాత చిట్కా ఉంది. ముందు అద్దం అతికించడానికి వాడే నల్లటి పాలీయురేథేన్ సీలెంట్‌తో ఆ రబ్బరులోని ఖాళీలను నింపడం. దీనికి మూడు షరతులు. రబ్బరు చిరిగి ఉండకూడదు. లోపల నూనె ఉండే రకం మౌంటింగ్ కాకూడదు. దాని మీద జిడ్డు చుక్క కూడా మిగలకూడదు. బాగా కడిగి, ఆరబెట్టి, అడుగున టేపు వేసి, గాలి బుడగలు రాకుండా నింపాలి. ఈ సీలెంట్ గాలిలోని తేమతో పైనుంచి లోపలికి గట్టిపడుతుంది కాబట్టి మందంగా నింపినదాన్ని వారం రోజులు కదపకూడదు. మర్నాడే బిగిస్తే లోపల హల్వాలా ఉండి, వారంలో బయటికి పిండుకొస్తుంది. నింపాక బండి గట్టిగా లాగుతుంది. దానికి బదులుగా సిగ్నల్ దగ్గర వణుకు పెరుగుతుంది. అందుకే టార్క్ రాడ్ ఒక్కదానికే ఈ వైద్యం, మిగతా మౌంటింగుల జోలికి వెళ్లకండి.

రేసు ఇస్తే ఒక పక్కకు, కాలు తీస్తే ఇంకో పక్కకు లాగుతుంటే: లోయర్ ఆర్మ్ బుష్

నా బండి జబ్బు ఇదే. చాలా పాత బండ్లదీ ఇదే అని నా నమ్మకం. చక్రాన్ని కింది నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్‌కు బండి ఫ్రేము వైపు రెండు రబ్బరు బుష్‌లుంటాయి. వెనక ఉండేది పెద్దది. రేసు ఇచ్చినప్పుడు చక్రం ముందుకు లాగుతుంది, బ్రేక్ వేసినప్పుడు వెనక్కి జరగబోతుంది. ఆ రెంటినీ ఓర్చుకునేది ఈ వెనక బుష్. అది చిరిగితే చక్రం ముందుకూ వెనక్కూ ఆడుతుంది. హాప్‌కు కావలసింది సరిగ్గా ఆ ఆటే.

చూడడానికి బండి కింద దూరాలి. జాకీ మీద లేపిన బండి కింద, జాకీని ఒక్కదాన్నే నమ్మి, ఎప్పుడూ దూరకండి. స్టాండ్లు లేకపోతే షెడ్డులో లిఫ్టు ఎక్కించమనండి. టార్చి వేసి బుష్‌ను చూస్తే రబ్బరు ఇనుము నుంచి విడిపోయిన చోట నెలవంకలా నల్లటి సందు కనిపిస్తుంది. పొడవాటి రాడ్డు ఆనించి ఆర్మ్‌ను మెల్లగా కదిపితే ఆ సందు తెరుచుకుని మూసుకుంటుంది. నాది నోరు తెరిచిన చేపలా ఉంది. అదే ఊపులో ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే కీలు, అంటే బాల్ జాయింటునూ, ఆర్మ్ బోల్టులనూ కదిపి చూడమనండి. ఒక్కోసారి లూజు బోల్టు బిగిస్తేనే సగం రోగం పోతుంది.

మందు: బుష్‌లు విడిగా దొరికితే అవే తెచ్చుకుని, హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ షాపులో ఎక్కించుకోవచ్చు. సుత్తితో కొట్టి ఎక్కించనివ్వకండి. బాల్ జాయింటు కూడా అరిగి ఉంటే ఆర్మ్ మొత్తం మార్చడమే మేలు, కూలి ఒక్కసారే పడుతుంది. రెండు పక్కలా మార్చాలి.

ఇక్కడ చాలా షెడ్లలో జరిగే పొరపాటు ఒకటి ఉంది, నా మొదటి రిపేరు దానివల్లే వృథా అయింది. బండి లిఫ్టు మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టును పూర్తిగా బిగించేశారు. అలా బిగిస్తే బుష్ ఆ వేలాడే స్థితిలోనే ఇరుక్కుంటుంది. బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగి, రోజంతా ఆ మెలితోనే ఉంటుంది. అయిదు నెలలకే కొత్త బుష్ చిరిగింది. రెండోసారి నేనే పక్కన నిలబడి, "అన్నా, ముందు లూజుగా పెట్టు. బండి బరువు చక్రాల మీద పడ్డాక ఫైనల్ టైట్ చెయ్" అన్నాను. "అట్ల ఎవరూ అడగరు సార్" అన్నాడు. అయినా చేశాడు. ఆ బుష్‌లు ఇప్పటికీ ఉన్నాయి. ఇదయ్యాక అలైన్‌మెంట్ చేయించడం తప్పనిసరి.

మిగతావి

స్పీడ్ బ్రేకర్ దాటాక ముందు భాగం రెండు మూడుసార్లు ఊగుతోందా, షాకబ్జార్బర్ మీద నూనె కారిన జిడ్డుందా? అవి మార్చాలి, జతగా. హాప్ మొదలు కావడానికి కారణం అవి కాకపోవచ్చు కానీ, మొదలైనదాన్ని అణచాల్సింది అవే.

పెద్ద అల్లాయ్‌లు వేసినప్పటి నుంచో, స్ప్రింగులు కోయించినప్పటి నుంచో, బలం పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించినప్పటి (రీమ్యాప్) నుంచో మొదలైతే కారణం వెతకనక్కర్లేదు. ముందు పాత చక్రాలు తిరిగి వేసి చూడండి. ఇంజన్ పైన అడ్డంగా బిగించే స్ట్రట్ బార్ చూడ్డానికి బాగుంటుంది. ఈ జబ్బుకు మాత్రం దాని మీద డబ్బు పెట్టకండి.

నా బండికి చివరికి పట్టింది రెండు పక్కలా ఆర్మ్ బుష్‌లు, సీలెంట్ నింపిన టార్క్ రాడ్, నాలుగు నెలల తర్వాత టైర్లు. ఇప్పుడు తడి ర్యాంప్ మీద ఎక్కువ రేసిస్తే టైరు కీచుమంటుంది, అంతే. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర నిలబడితే మాత్రం డ్యాష్‌బోర్డు మీది వెంకన్న సన్నగా వణుకుతుంటాడు. మా ఆవిడ ఆయన కింద రెండు పొరల డబుల్ టేపు వేసింది.