ఆర్‌వీలో సీపాప్ తెల్లవారుజామున ఆగిపోతుంటే

లక్షణం: ఆర్‌వీలో (ఇల్లులా ఉండే పెద్ద బండిలో) సోలార్‌తో బ్యాటరీ సాయంత్రానికి నిండుతుంది. పడుకునేటప్పుడు సీపాప్ (నిద్రలో ఊపిరి ఆగిపోకుండా మాస్కుతో గాలి పంపే మెషిన్) బాగానే నడుస్తుంది. 3 గంటల ప్రాంతంలో ఆగిపోతుంది. పొద్దున ఎండ వచ్చాక చూస్తే మీటరులో 13 వోల్టులు, అంటే బ్యాటరీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

చలికాలంలో అమెరికాలోని అరిజోనా ఎడారిలో, క్వార్ట్‌జ్‌సైట్ వైపు ఆర్‌వీ నిలుపుకునేవాళ్లు చాలామంది ఇది చూడగానే కొత్త బ్యాటరీ కొనేస్తారు. కొనకండి. ముందు మెషిన్‌లో గాలిని తేమ చేసే హ్యుమిడిఫయర్, గాలిని వెచ్చబరిచే ట్యూబు ఆపి ఒక రాత్రి నడపండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటే వదిలేస్తారు. గాలి ఒక్కటే అయితే చాలా మెషిన్లకు 10-20 వాట్లు చాలు, వేడి కలిస్తే 50-60 దాకా పోతుంది. ఇన్వర్టర్ కూడా మానేసి, మీ మెషిన్‌కు సరిపోయే 12 వోల్టుల డీసీ కన్వర్టర్ వాడండి. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా రాత్రంతా కరెంటు తింటుంది.

వేడి ఆపితే తెల్లవార్లూ నడిచిందా? అయితే బ్యాటరీ చిన్నదే అని తేల్చేయకండి. మా నాన్నగారి మెషిన్ విషయంలో నేను అలాగే తేల్చి రెండు బ్యాటరీలు మార్చాను. అయినా ఆగిపోయింది. తప్పు మంచం పక్క సాకెట్‌కు వెళ్లే సన్నటి వైరుది. 18 గేజ్ వైరు, రానుపోను 12 మీటర్లు, అంటే పావు ఓమ్. వేడితో కలిపి 6 ఆంపియర్లు లాగితే ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. సాయంత్రం 12.7 ఉంది కాబట్టి సాకెట్ దగ్గర 11.2 అందేది. అర్ధరాత్రి దాటాక చలికి ఫర్నేస్ (ఆర్‌వీని వెచ్చబరిచే హీటర్) ఫ్యాన్ తిరిగి బ్యాటరీ 12కి దిగగానే అక్కడ 10.5కి పడిపోయేది. వోల్టేజ్ తగ్గేకొద్దీ కన్వర్టర్ ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, దాంతో ఇంకా పడుతుంది. ఆ కన్వర్టర్ 11 వోల్టుల దగ్గర ఆగిపోయే రకం. లోడ్ లేకుండా పగలు ఎన్నిసార్లు కొలిచినా ఇదేమీ కనిపించదు.

అందుకే రాత్రి హ్యుమిడిఫయర్, ఫర్నేస్ రెండూ నడుస్తుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒకసారి, సాకెట్ దగ్గర ఒకసారి కొలవండి. తేడా 0.4 వోల్టు దాటితే తప్పు వైరుదో జాయింటుదో. ముట్టుకుంటే వేడిగా ఉన్న జాయింటును ముందు విప్పి శుభ్రం చేసి బిగించండి. తర్వాత బ్యాటరీ నుంచి నేరుగా ఇంకా లావుపాటి 10 గేజ్ వైరు లాగండి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టండి. అదే 12 మీటర్లకు పావు వోల్టు కూడా పోదు.

కన్వర్టర్ చెడిపోవడం అరుదు. లిథియం బ్యాటరీ గడ్డకట్టే చలిలో చార్జ్ తీసుకోకపోతే అదీ పాడైనట్టు కాదు, కాస్త వెచ్చబడ్డాక అదే తీసుకుంటుంది.

ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషిన్) సంగతి పూర్తిగా వేరు. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చేది సాధారణంగా 300 వాట్ల చుట్టూ లాగుతుంది. ఈ లెక్కలతో దాన్ని నడపొద్దు, నిండు ఆక్సిజన్ సిలిండర్ పక్కన లేకుండా అసలు బయలుదేరొద్దు.

వైరు మార్చిన మొదటి రాత్రి 3 గంటలకు అలారం పెట్టుకుని లేచి, ఫర్నేస్ తిరుగుతుండగా సాకెట్ దగ్గర మళ్లీ కొలవండి. 11.7 పైన ఉంటే నిశ్చింతగా పడుకోండి.