కీమో అయిన రోగిని అద్దె గదికి తీసుకువెళ్లే ముందు జాగ్రత్తలు

చెన్నై అడయార్‌లో 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చొరవతో మొదలైన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే కుటుంబాలకు ఇవి ఉపయోగపడతాయి.

1. అన్నింటికంటే ముందు థర్మామీటరు కొనుక్కోవాలి. కీమో ఎక్కించిన తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గే అవకాశం ఉంటుంది కనుక, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, అర్ధరాత్రి అయినా మొహమాటపడకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ముందుగా పారాసెటమాల్ ఇవ్వకూడదు. మాత్రతో వేడి తగ్గినట్టు కనిపిస్తుంది గాని, లోపలి ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది.

2. కీమో ఎక్కించిన తర్వాత మొదటి 48 గంటలు రోగి వాంతి, మలమూత్రాలు శుభ్రం చేసేవారు గ్లవ్స్ వేసుకోవాలి.

3. డిశ్చార్జి కాగితం చేతికి వచ్చిన వెంటనే బయలుదేరకుండా, నర్సును అడిగి ప్రతి మందు స్ట్రిప్పు మీద మార్కరుతో "పొద్దున, తిన్నాక" అని తెలుగులో రాసుకోవాలి. తమిళం రాదని సిగ్గుపడనక్కరలేదు.

4. నోరు పూసిందేమో చూడాలి. పూస్తే ఆవకాయ పక్కన పెట్టి, మెత్తని పెసరపప్పు అన్నం గోరువెచ్చగా పెట్టాలి.

5. రాత్రి కాపలాకు ఇద్దరు వంతులు వేసుకోవాలి. రోగి నిద్రపోతున్నారనుకుని మంచం పక్కనే ఖర్చుల లెక్కలు మాట్లాడుకోవడం మా వాళ్లలో ఎక్కువ. ఆ మాటలు వరండాలో మాట్లాడుకోవాలి.