ఫ్లాట్ కొన్నాక లక్షల్లో టీడీఎస్ నోటీసు వచ్చిందా? ముందు అమ్మినవాళ్ళ పాన్ చూడండి

రిజిస్ట్రేషన్ అయిపోయింది, గృహప్రవేశం అయిపోయింది, కొన్ని నెలలకి మెయిల్‌లో టీడీఎస్ సీపీసీ (టీడీఎస్ లెక్కలు చూసే ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు) నుంచి ఇంటిమేషన్, తెరిస్తే లక్షల్లో డిమాండ్. వెంటనే అందరూ చేసే పని ఒకటే, చలాన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి "1 శాతం కట్టేశా కదండీ" అంటారు (50 లక్షలు, ఆ పైన ఉన్న ఇల్లు కొంటే అమ్మినవాళ్ళకిచ్చే డబ్బులో 1 శాతం కోసి వాళ్ళ పేరున ప్రభుత్వానికి కట్టాలి, అదే ఈ టీడీఎస్). కట్టారండీ, కాదనట్లేదు, కానీ నాకు కావాల్సింది మీ చలాన్ కాదు, అమ్మినాయన పాన్ స్టేటస్.

26క్యూబీ (ఆ 1 శాతం కట్టే ఫారం) నింపడం, 16బీ (కట్టినట్టు అమ్మినవాళ్ళకిచ్చే సర్టిఫికెట్) దించుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నా. కింద రాసేవి పాత ఇన్‌కమ్ టాక్స్ చట్టం సెక్షన్లు, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి నంబర్లు మారాయి గానీ జనం చేతుల్లో ఉన్న నోటీసులు ఎక్కువగా పాత డీల్స్‌వే.

డిమాండ్ వేలల్లో ఉందా?

అయితే లేట్ ఫీజు. డబ్బు ఇచ్చిన నెల అయిపోయాక 30 రోజుల్లో 26క్యూబీ వేయకపోతే 234ఈ కింద రోజుకి 200, టీడీఎస్ మొత్తం దాకా పెరుగుతుంది. దానికి పైన నెలకి 1 లేదా 1.5 శాతం వడ్డీ. కట్టేయండి, దీని మీద కొట్లాట వేస్ట్.

డిమాండ్ మీరు కట్టినదానికి సుమారు 19 రెట్లు ఉందా?

ఇదీ అసలు జబ్బు. అమ్మినవాళ్ళ పాన్ ఆధార్‌తో లింక్ కాలేదు, 2023 జూలై 1 నుంచి అలాంటి పాన్లు ఇనాపరేటివ్ అయిపోయాయి. ఇనాపరేటివ్ అంటే డిపార్ట్‌మెంట్ లెక్కలో పాన్ ఇవ్వనట్టే, అప్పుడు 206ఏఏ ప్రకారం 1 కాదు 20 శాతం కోయాలి. 80 లక్షల ఫ్లాట్‌కి మీరు 80 వేలు కట్టారు, వాళ్ళ లెక్క 16 లక్షలు, తేడా 15 లక్షల 20 వేలు, వడ్డీ వేరే. పాన్ లింక్ చేసుకోనిది అమ్మినాయన, నోటీసు మాత్రం కొన్నవాడికి, ఎందుకంటే కోసి కట్టాల్సిన బాధ్యత కొన్నవాడిదే కాబట్టి.

నేను ఇందులో కాలిన చేతుల్తోనే రాస్తున్నా. మా బావమరిది 2023 ఆగస్టులో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర ఫ్లాట్ కొన్నాడు, 26క్యూబీ వేసింది స్వయానా నేనే. పాన్ జిరాక్స్ తీసుకున్నా, పేరు సేల్ డీడ్‌తో సరిపోయింది, పోర్టల్ కూడా ఏమీ అనకుండా 1 శాతం తీసేసుకుంది, ఇంకేం చూడాలి అనుకున్నా. మరుసటి ఏడాది మొదట్లో నోటీసు దిగింది. నేనేమో రెండు వారాలు చలాన్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నా, అసెస్‌మెంట్ ఇయర్ తప్పు పడిందా, విలువ తప్పు వేశానా అని. చివరికి ట్రేసెస్‌లో (టీడీఎస్ వెబ్‌సైట్) జస్టిఫికేషన్ రిపోర్ట్ (డిమాండ్ ఎలా లెక్కేశారో చూపేది) దించితే అందులో రేటు 20 అని ఉంది, అప్పుడు వెలిగింది. ఆ రిపోర్ట్ మొదటి రోజే దించుకోవాలి, నాలాగా రెండు వారాలు పాడు చేసుకోకండి.

మాస్టారికి ఫోన్ చేస్తే "నాకు పాన్ ఇరవై ఏళ్ళ నుంచి ఉందయ్యా" అంటారు. ఉంది, కానీ పని చెయ్యట్లేదు. పోనీ లింక్ చేద్దామంటే పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే, మన తెలుగువాళ్ళకి ఉండే మామూలు రోగమే ఇది. ముందు ఆధార్ సెంటర్‌లో పేరు సరిచేయించి, 1000 రూపాయలు ఫీజు కట్టి, అప్పుడు లింక్. అదీ వెంటనే అవదు, పాన్ మళ్ళీ యాక్టివ్ కావడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. ఈలోగా మా అదృష్టం, 2024 ఏప్రిల్ 23న సర్క్యులర్ వచ్చింది, 2024 మార్చి 31 దాకా జరిగిన లావాదేవీలకి మే 31 లోపు పాన్ ఆపరేటివ్ అయితే డిమాండ్ ఉండదని. మాది మే మూడో వారంలో అయింది. తర్వాత ట్రేసెస్‌లో గ్రీవెన్స్ పెడితే డిమాండ్ పోయింది.

మీ డీల్ దానికి తర్వాతదైతే 2025 జూలై సర్క్యులర్ చూడాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 జూలై 31 మధ్య డబ్బు ఇచ్చుంటే పాన్ 2025 సెప్టెంబర్ 30 లోపు ఆపరేటివ్ అయ్యుండాలి. 2025 ఆగస్టు 1 నుంచి ఇచ్చుంటే, ఇచ్చిన నెల ముగిశాక రెండు నెలల టైమ్. ఆ రెండు నెలల్లో ముప్పై రోజుల దాకా యాక్టివేషన్‌కే పోవచ్చు కాబట్టి తెలిసిన రోజే అమ్మినవాళ్ళ ఇంటికి వెళ్ళండి, ఫోన్లు నమ్ముకోవద్దు, డబ్బు ముట్టాక ఫోన్ ఎవరూ అంత త్వరగా ఎత్తరు.

గడువు దాటిపోయిందా? అమ్మినాయన ఆ ఆదాయం చూపించి రిటర్న్ వేసి పన్ను కట్టేసి ఉంటే మీ మీద పన్ను డిమాండ్ తీసేయించుకోవడానికి సీఏ సర్టిఫికెట్‌తో ఫారం 26ఏ దారి ఒకటి ఉంది, వడ్డీ మాత్రం తప్పదు. అప్పీలు చేయాలనుకుంటే 30 రోజులే, నోటీసు డ్రాయర్లో పెట్టి మర్చిపోవద్దు.

ఇంకా కొనని వాళ్ళకి: అడ్వాన్స్ ఇవ్వకముందే ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో "వెరిఫై యువర్ పాన్" కొట్టండి, లాగిన్ కూడా అక్కర్లేదు, రెండు నిమిషాల పని. స్క్రీన్‌షాట్ తీసి అగ్రిమెంట్‌తో పాటు దాచుకోండి. కార్పెట్ ఏరియా టేపు పెట్టి కొలిచేవాళ్ళు ఈ రెండు నిమిషాలు ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఓనర్ అమెరికాలో, సంతకం నాన్నది

జీపీఏతో (ఓనర్ తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) నాన్న అమ్ముతున్నా ఓనర్ ఎన్నారై అయితే 194ఐఏ, అంటే పైన చెప్పిన 1 శాతం సెక్షన్, అసలు వర్తించదు. 195వ సెక్షన్ కిందికి వస్తుంది, 50 లక్షల లిమిట్ లేదు, 1 శాతం లేదు. రేటు చాలా ఎక్కువ, సీఏని పెట్టుకోండి.

మిగతావి

పాన్‌లో ఒక అంకె తప్పు పడితే ట్రేసెస్‌లో కరెక్షన్ పెట్టుకోవచ్చు. ఇద్దరు అమ్మితే మాత్రం ఒక్కొక్కరికి వేరే 26క్యూబీ వేయాలి.

ప్రాపర్టీ టాక్స్ బిల్లులో పాత బకాయి కనిపిస్తోందా?

ఇక్కడా అదే కథ, పాత ఓనర్ ఎగ్గొట్టింది ఇంటితో పాటు మీకొచ్చింది. జీహెచ్ఎంసీలో బకాయి మీద నెలకి 2 శాతం వడ్డీ. రిజిస్ట్రేషన్‌కి ముందు పీటీఐఎన్ (ఇంటి ప్రాపర్టీ టాక్స్ నంబర్) అడిగి ఆన్‌లైన్‌లో డ్యూస్ చూసి, బకాయి ఉంటే అమ్మినవాళ్ళ చేతే కట్టించండి, లేదా ఆఖరి చెక్కులోంచి తగ్గించుకోండి.