అప్‌డేట్ తర్వాత ఫోన్ మొత్తం మారిపోయిందా? మళ్లీ చేతికి అలవాటు చేసుకోండిలా

రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటే పొద్దున లేచేసరికి చేతిలో వేరే ఎవరిదో ఫోన్ ఉన్నట్టు అనిపిస్తుంది. ఐకాన్ల రంగులు మారిపోయి, పైనుంచి కిందికి లాగితే రావాల్సినవి రాక, కాల్ వస్తే ఎటు జరపాలో తెలియక, కాసేపటికే విసుగొచ్చి ‘అసలెందుకు అప్‌డేట్ చేశానురా’ అనుకోని వాళ్లు తక్కువ. ఈ విసుగుకీ వయసుకీ తెలివికీ ఏ సంబంధమూ లేదు. ఏళ్ల తరబడి ఒకే చోట నొక్కీ నొక్కీ ఆ చోటు మన బొటనవేలికి వచ్చేసింది, కళ్లతో వెతకాల్సిన పనే లేకుండా పోయింది. ఇప్పుడు బటన్ అక్కడ లేదు, అంతే. అందుకని కొత్త డిజైన్ మొత్తాన్ని ఒక్క రోజులో నేర్చేసుకోవాలని కూర్చోకండి. రోజూ మీరు చేసే పనులు నాలుగైదు పట్టుకోండి, వాటిలో పాత పద్ధతికి తిప్పుకునే వీలున్నవి తిప్పేయండి, మిగిలినవి మాత్రమే అలవాటు చేసుకోండి.

ముందుగా కాల్ ఎత్తడం

ఇది అన్నిటికంటే ముందు చూసుకోవాలి, ఎందుకంటే అర్జెంటు కాల్ వచ్చినప్పుడు నేర్చుకునే టైమ్ ఉండదు. 2025లో చాలామంది ఆండ్రాయిడ్ వాడేవాళ్లు ఈ విషయంలోనే కంగారు పడ్డారు. వాళ్లలో చాలామంది అసలు ఫోన్ అప్‌డేటే చేయలేదు, అయినా కాల్ స్క్రీన్ మారిపోయింది. గూగుల్ ఫోన్ యాప్ విడిగా అప్‌డేట్ అవుతుంది కాబట్టి అలా జరిగింది. అంతకుముందు పైకి జరిపితే కాల్ ఎత్తేది, కొత్త డిజైన్‌లో పక్కకి జరపాలి: కుడివైపు జరిపితే మాట్లాడొచ్చు, ఎడమవైపు జరిపితే కట్ అవుతుంది. పాత అలవాటు కొద్దీ వేలు పైకి వెళ్తుంది, అక్కడ ఏమీ కాదు, ఈలోగా రింగ్ ఆగిపోతుంది.

దీనికి ఆ యాప్ సెట్టింగ్స్‌లోనే ‘ఇన్‌కమింగ్ కాల్ జెశ్చర్’ అని ఉంటుంది, అందులో పక్కకి జరిపే పద్ధతి వద్దనుకుంటే ఒక్కసారి నొక్కితే చాలు అనే పద్ధతి ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా, ఇంట్లో ఎవరినైనా రెండు మూడు సార్లు మీకు కాల్ చేయమనండి. ఒకసారి ఫోన్ లాక్‌లో ఉన్నప్పుడు, ఒకసారి మీరు వేరే యాప్ చూస్తున్నప్పుడు. ఈ రెండు సందర్భాల్లో కాల్ కనిపించే తీరు వేరు, లాక్‌లో ఉంటే స్క్రీన్ నిండా వస్తుంది, లేకపోతే పైన చిన్న పట్టీలా వస్తుంది. రెండూ చేతితో చేసి చూస్తేనే టెన్షన్ పోతుంది, చదివితే పోదు.

ఐఫోన్‌లో ఐఓఎస్ 26 వేసుకున్నవాళ్లకి ఫోన్ యాప్‌లో ఫేవరెట్లు, ఈమధ్య కాల్స్, వాయిస్‌మెయిల్ అన్నీ ఒకే పేజీలో కలిసిపోయి కనిపిస్తాయి. నచ్చకపోతే అదే పేజీలో పైన కుడివైపు మూడు గీతల గుర్తు నొక్కి ‘క్లాసిక్’ ఎంచుకోండి, పాత ట్యాబ్‌లు తిరిగి వచ్చేస్తాయి. ఈ గుర్తు చాలా చిన్నది, కంటికి ఆనదు, అందుకే చాలామందికి ఈ వీలుందనే తెలియదు.

కాల్ అయ్యాక అలారం చూడండి. రెండు నిమిషాల తర్వాతకి ఒక అలారం పెట్టి, ఫోన్ లాక్ చేసి, మోగనివ్వండి. ఆపే బటన్ ఎక్కడుంది, స్నూజ్ ఎక్కడుంది అన్నది నిద్రమత్తులో తెలుసుకోవాల్సిన విషయం కాదు. ఐఓఎస్ 26లో రెండూ పెద్ద పెద్ద బటన్లుగా వచ్చాయి, 26.1కి వచ్చేసరికి అలారం ఆపాలంటే నొక్కడం కాకుండా పక్కకి జరపాలి అని మార్చారు. అంటే ఒకే ఏడాదిలో ఒకే పనికి రెండు పద్ధతులు. అలాగే లాక్ స్క్రీన్ మీదనుంచి ఎమర్జెన్సీ కాల్‌కి ఎలా వెళ్లాలో చూసి పెట్టుకోండి (నంబర్ డయల్ చేయకుండా, అక్కడిదాకా వెళ్లి వెనక్కి వచ్చేయండి).

వెనక్కి వెళ్లేదెలా

అప్‌డేట్ తర్వాత కింద మూడు బటన్లు మాయమైతే ఫోన్ సగం చేతికి రానట్టే ఉంటుంది. ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పుడు, అంటే 2019లో, ఈ వేలితో జరిపే పద్ధతి పూర్తిగా వచ్చింది. స్క్రీన్ అంచునుంచి లోపలికి జరిపితే వెనక్కి, కిందనుంచి పైకి జరిపితే హోమ్, పైకి జరిపి మధ్యలో కాసేపు ఆపితే తెరిచి ఉన్న యాప్‌లన్నీ. ఇందులో చాలామంది తడబడేది ఆ ఆపడం దగ్గరే. గబుక్కున పైకి లాగేస్తే హోమ్‌కి పోతుంది. నెమ్మదిగా లాగి, వేలు ఎత్తకుండా ఒక్క క్షణం ఆగితే యాప్‌ల వరస వస్తుంది.

ఇది వద్దనుకుంటే మూడు బటన్లు చాలా ఫోన్లలో ఇంకా ఉన్నాయి, దాచేశారు అంతే. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో నావిగేషన్ మోడ్ అని, శాంసంగ్‌లో డిస్‌ప్లే కింద నావిగేషన్ బార్ అని ఉంటుంది. మీ ఫోన్లో ఎక్కడుందో తెలియకపోతే సెట్టింగ్స్ తెరిచి పైనున్న సెర్చ్‌లో ‘నావిగేషన్’ అని కొట్టండి. ఈ సెర్చ్ గురించి కాస్త గట్టిగానే చెప్తున్నాను: అప్‌డేట్ తర్వాత మెనూలన్నీ అటూ ఇటూ మారతాయి, నిన్నటిదాకా డిస్‌ప్లేలో ఉన్నది ఇవాళ ఇంకెక్కడో ఉంటుంది, ఒక్కో మెనూ తెరిచి వెతుక్కుంటూ పోతే గంట గడిచిపోతుంది. సెర్చ్‌లో పేరు కొడితే ఎక్కడున్నా దొరుకుతుంది. ఫోన్ ఇంగ్లిష్‌లో ఉంటే ఇంగ్లిష్ పదం, తెలుగులో ఉంటే తెలుగు పదం కొట్టి చూడండి.

నా అభిప్రాయం అడిగితే, మూడు బటన్లతో హాయిగా ఉన్నవాళ్లు వాటితోనే ఉండొచ్చు. కొత్తది కాబట్టి నేర్చుకోవాలి అనే రూలేమీ లేదు. కానీ ఏదో ఒకటి తేల్చుకుని దాని మీదే ఉండండి. పొద్దున అది, సాయంత్రం ఇది అని మారుస్తూ పోతే వేలికి ఏదీ పట్టుబడదు.

పైనుంచి లాగే పట్టీ

శాంసంగ్‌లో 2025లో వచ్చిన వన్ యూఐ 7 అనే అప్‌డేట్ ఎక్కువమందిని ఇబ్బంది పెట్టింది ఇక్కడే. అంతకుముందు పైనుంచి ఎక్కడ లాగినా నోటిఫికేషన్లు వచ్చేవి, ఇంకోసారి లాగితే వైఫై, టార్చ్ లాంటివి వచ్చేవి. కొత్తదాంట్లో రెండూ విడిపోయాయి: కుడి మూలనుంచి లాగితే వైఫై, టార్చ్ పట్టీ, మిగతా చోటనుంచి లాగితే నోటిఫికేషన్లు. టార్చ్ కోసం మధ్యలోనుంచి రెండుసార్లు లాగడం అలవాటైన వేలికి ఇది మింగుడుపడదు. పాతది కావాలంటే కుడి మూలనుంచి లాగి, పైన పెన్సిల్ గుర్తు నొక్కి, ప్యానెల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘టుగెదర్’ ఎంచుకోండి. ఒక్క నిమిషం పని.

అయితే విడివిడిగా ఉంచుకోవడంలోనూ ఒక లాభం ఉంది, నోటిఫికేషన్లు ఎక్కువ వచ్చేవాళ్లకి అవి స్క్రీన్ నిండా కనిపిస్తాయి. ఒక వారం వాడి చూసి అప్పుడు తేల్చుకోండి.

పిక్సెల్ వాడేవాళ్లకి ఆండ్రాయిడ్ 12లో (2021) వైఫైకి, మొబైల్ డేటాకి విడివిడిగా ఉన్న గుర్తులు పోయి ‘ఇంటర్నెట్’ అని ఒకటే వచ్చింది. దాన్ని నొక్కి లోపలికి వెళ్తే రెండూ కనిపిస్తాయి. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి కంట్రోల్ సెంటర్‌ని మనకి కావాల్సినట్టు సర్దుకోవచ్చు, పైన ఎడమవైపు ప్లస్ గుర్తు నొక్కితే ఒక్కో గుర్తునీ పట్టుకుని జరపొచ్చు, వాడనివి తీసేయొచ్చు. ఏ ఫోనైనా సరే, మీరు ఎక్కువగా వాడేవి నాలుగో ఆరో పైకి తెచ్చిపెట్టుకుంటే సగం వెతుకులాట తగ్గిపోతుంది.

కళ్లకి ఇబ్బందిగా ఉంటే

కొత్త డిజైన్లలో ఇప్పుడు అన్నీ గాజు పలకల్లా ఉంటున్నాయి. ఐఓఎస్ 26లో యాపిల్ ‘లిక్విడ్ గ్లాస్’ అని పేరు పెట్టింది దీనికే. వెనకున్న ఫోటో ముందున్న అక్షరాల్లోంచి తొంగిచూస్తుంటే చదవడం కష్టమే. దీనికి మూడు మందులున్నాయి. 26.1 లేదా ఆ పైది ఉంటే ‘డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్’లో లిక్విడ్ గ్లాస్ అని ఉంటుంది, అక్కడ ‘టింటెడ్’ ఎంచుకుంటే పలకలు చిక్కబడతాయి. ఇంకా చాలకపోతే యాక్సెసిబిలిటీలో ‘రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ’ ఆన్ చేయండి. మూడోది అన్నిటికంటే తేలిక, వాల్‌పేపర్ మార్చడం. రంగురంగుల ఫోటో తీసేసి ముదురు రంగు, గీతలు లేని వాల్‌పేపర్ పెట్టి చూడండి, అక్షరాలు ఎంత తేటగా కనిపిస్తాయో మీకే తెలుస్తుంది.

యాప్ తెరిచినప్పుడల్లా ఎగిరొచ్చినట్టు, ఊగినట్టు కనిపించి తల తిరిగినట్టుంటే అది మీ భ్రమ కాదు. 2013లో ఐఓఎస్ 7 వచ్చినప్పుడు కూడా చాలామంది ఇదే చెప్పారు, యాపిల్ కొన్ని వారాలకే 7.0.3లో ఆ కదలికలని తగ్గించుకునే వీలు కల్పించింది. ఇప్పుడు ఐఫోన్‌లో ‘రెడ్యూస్ మోషన్’ అని, ఆండ్రాయిడ్‌లో యానిమేషన్లు తీసేయడం అని యాక్సెసిబిలిటీలోనే ఉంటుంది. ఆన్ చేస్తే ఫోన్ కాస్త చురుగ్గా ఉన్నట్టు కూడా అనిపిస్తుంది.

అక్షరాల సైజు కూడా ఒకసారి చూసుకోండి. కొత్త డిజైన్‌లో ఖాళీలు పెరిగి, అక్షరాలు ఎప్పట్లాగే ఉన్నా చిన్నవిగా తోస్తాయి. ఫాంట్ సైజు వేరు, డిస్‌ప్లే సైజు వేరు. మొదటిది అక్షరాలని మాత్రమే పెంచుతుంది, రెండోది ఐకాన్లు, బటన్లు అన్నిటినీ పెంచుతుంది. తెలుగులో వాడేవాళ్లు ఫాంట్ మరీ పెంచితే బటన్ల మీద పదాలు సగంలో తెగిపోతాయి కాబట్టి ముందు డిస్‌ప్లే సైజు ఒక మెట్టు పెంచి చూడటం మంచిది.

హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ రంగు మారితే యాప్ పోయిందనుకునేవాళ్లు ఉంటారు. రంగు చూసి కాక పేరు చూసి వెతకండి, లేదా సెర్చ్‌లో మొదటి రెండు అక్షరాలు కొట్టండి. రోజూ వాడే యాప్‌లని కింది వరసలోకి, బొటనవేలికి అందేచోటికి తెచ్చుకోండి. మిగతా పేజీలు మాత్రం అప్పుడే సర్దకండి.

చేయకూడనివి

పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దామని చాలామంది అనుకుంటారు. అది అంత తేలిక కాదు. ఐఫోన్‌లో కొత్తది వచ్చిన కొద్ది రోజులకే పాతదాన్ని వేసుకోనివ్వడం యాపిల్ ఆపేస్తుంది, పైగా కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాతదాంట్లోకి ఎక్కదు. ఆండ్రాయిడ్‌లో వెనక్కి వెళ్లాలంటే చాలాసార్లు బూట్‌లోడర్‌ని (ఫోన్ ఆన్ చేయగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే భాగం) అన్‌లాక్ చేయాల్సి వస్తుంది, అలా చేస్తే ఫోన్లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఒక బటన్ పక్కకి జరిగిందని ఫోటోలు పోగొట్టుకోవడం ఎందుకు? పైగా అప్‌డేట్‌తో భద్రతకి సంబంధించిన సవరణలు కూడా వస్తాయి, వెనక్కి వెళ్తే అవీ పోతాయి.

ఇంకోటి, ‘మీ ఫోన్ పాత డిజైన్ తిరిగి పొందండి’ అంటూ ఎక్కడో కనిపించిన ఫైల్ దించుకుని వేసుకోవద్దు. దయచేసి వద్దు. ఫోన్ యాప్, కీబోర్డ్, హోమ్ స్క్రీన్ లాంటివి మీ కాల్స్, మీరు టైప్ చేసే పాస్‌వర్డులు అన్నీ చూడగలవు. ఆండ్రాయిడ్‌లో హోమ్ స్క్రీన్ పాతలా కావాలంటే ప్లే స్టోర్‌లో లాంచర్లు (హోమ్ స్క్రీన్ రూపం మార్చే యాప్‌లు) ఉన్నాయి, ఎంతోకాలంగా ఉన్నవి, ఎక్కువమంది వాడేవి చూసుకుని వేసుకోండి. అది అడిగే అనుమతుల్లో కాంటాక్టులు, మెసేజ్‌లు ఉంటే ఎందుకని ఆగి ఆలోచించండి.

మొదటి ఒకటి రెండు రోజులు ఫోన్ వేడెక్కి, బ్యాటరీ త్వరగా దిగిపోతే కంగారు పడొద్దు. లోపల యాప్‌లని కొత్త వెర్షన్‌కి సర్దడం, ఫోటోలని మళ్లీ లెక్కగట్టడం లాంటి పనులు జరుగుతుంటాయి. రాత్రి వైఫైలో ఉంచి చార్జింగ్ పెడితే ఆ పని త్వరగా అయిపోతుంది. వారం దాటినా అలాగే ఉంటే అప్పుడు బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎక్కువ తింటోందో చూడండి.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ అయితే

వాళ్ల చేతిలోంచి ఫోన్ లాక్కుని టకటకా నాలుగు సెట్టింగ్స్ మార్చి ఇచ్చేయకండి. మీరు వెళ్లిపోయాక మళ్లీ మొదటికే వస్తుంది. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, పక్కన కూర్చుని, ‘అమ్మా, ఇక్కడ పట్టుకుని ఇటు జరుపు’ అని వాళ్ల వేలితోనే చేయించండి. ఒక రోజుకి ఒక్క పని. ఇవాళ కాల్ ఎత్తడం, రేపు ఫోటో పంపడం. తప్పు నొక్కితే ఏమవుతుందో అన్న భయమే వాళ్లని ఎక్కువ ఆపుతుంది కాబట్టి, ఎక్కడ ఇరుక్కున్నా హోమ్‌కి ఎలా వచ్చేయాలో అన్నిటికంటే ముందు నేర్పండి. అది తెలిస్తే ధైర్యంగా నొక్కి చూస్తారు.

ఇన్ని చేసినా ఒకటో రెండో మింగుడుపడనివి మిగులుతాయి. వాటిని సెట్టింగ్స్‌లో ఫీడ్‌బ్యాక్ ఉంటే అక్కడో, కంపెనీ సపోర్ట్ పేజీలోనో రాసి పంపండి, వృథా పోదు. 2021లో ఐఓఎస్ 15 పరీక్షల దశలో ఐఫోన్ బ్రౌజర్ సఫారీలో అడ్రస్ బార్‌ని కిందికి దించినప్పుడు వాడినవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, అందరికీ విడుదలయ్యేసరికి దాన్ని మళ్లీ పైకి పెట్టుకునే వీలు వచ్చింది. లిక్విడ్ గ్లాస్‌లో టింటెడ్ కూడా మొదటి రోజు లేదు, తర్వాత వచ్చిందే. కాబట్టి చిన్న అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మీకు నచ్చని ఆ ఒక్క విషయం పేరు సెట్టింగ్స్ సెర్చ్‌లో మళ్లీ కొట్టి చూడండి.